నీళ్ల మీద అంపైర్ ఉండడు



మూడో సంవత్సరంలో మనకి ప్రొఫెషనల్ ఎథిక్స్ అని ఒక సబ్జెక్టు ఉంటుంది కదా. పరీక్ష ముందు రాత్రి చదివి, పరీక్ష హాల్లోంచి బయటికి రాగానే మర్చిపోయే సబ్జెక్టుల్లో దానిదే మొదటి ర్యాంకు. అందులో సెమినార్ ఇవ్వమంటే అందరూ భోపాల్ గ్యాస్ ప్రమాదమో, ఛాలెంజర్ అంతరిక్ష నౌకో తీసుకుంటారు. నా రోల్ నంబరు వచ్చేసరికి ఆ రెండూ అయిపోయాయి. సరే, అమెరికాలో జరిగే బాస్ చేపల పోటీల మీద మాట్లాడతానన్నాను.

"ఒరేయ్, గాలం వేసుకుని కూర్చోవడంలో ఎథిక్స్ ఏముంటాయిరా?" అన్నాడు నా రూమ్మేట్. చదవడం మొదలుపెట్టాక నాకు తెలిసిందేమిటంటే, మిగతా ఆటల్లో కంటే ఇక్కడే ఎక్కువ ఉన్నాయి. క్రికెట్‌లో ఇద్దరు అంపైర్లు, పైన థర్డ్ అంపైర్, ముప్పై కెమెరాలు. చేపల పోటీలో ఒక పెద్ద సరస్సు, వంద పడవలు, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఎవరు ఎక్కడున్నారో ఎవరికీ కనపడదు. చూసేవాడు లేని చోట న్యాయంగా ఆట ఎలా నడుస్తుంది? నా సెమినార్ ప్రశ్న అదే. ఈ వ్యాసం ఆ సెమినార్‌కి కాస్త సాపు చేసిన రూపం.

ముందు ఆట సంగతి

బాస్ అంటే ఆఫీసు బాస్ కాదండి, ఒక మంచినీటి చేప. పెద్ద నోరు ఉంటుంది కాబట్టి లార్జ్‌మౌత్ బాస్ అంటారు. మన కొరమీనుకీ దానికీ చుట్టరికం లేదు గానీ స్వభావంలో పోలిక ఉంది. నాచులోనో, మునిగిన చెట్టు మొద్దు పక్కనో మాటు వేసి, దగ్గరికొచ్చిన చిన్న చేపని ఒక్క ఉదుటున మింగుతుంది. గాలానికి పడ్డాక నీళ్లలోంచి ఎగిరి కొట్టుకుంటుంది. అమెరికా వాళ్లకి ఈ చేపంటే పిచ్చి అందుకే.

పోటీ లెక్క చాలా సింపుల్. ఎక్కువ పోటీల్లో ఒక్కొక్కరు రోజుకి ఐదు చేపలు తెచ్చి తూకం వేయించాలి. ఐదింటి మొత్తం బరువు ఎవరిది ఎక్కువైతే వాళ్లు గెలుస్తారు. రోజంతా ఎన్నయినా పట్టొచ్చు. ఆరోది పడితే ఉన్నవాటిలో చిన్నదాన్ని నీళ్లలోకి వదిలెయ్యాలి. పట్టిన చేపల్ని బతికించి ఉంచడానికి పడవలోనే గాలి ఆడే నీళ్ల తొట్టి ఉంటుంది, దాన్ని లైవ్‌వెల్ అంటారు. తూకం పౌండ్లలో, ఔన్సుల్లో. ఒక పౌండు మన లెక్కలో సుమారు 454 గ్రాములు, ఒక ఔన్సు 28 గ్రాములు. మొదటి స్థానానికీ రెండో స్థానానికీ మధ్య తేడా ఒక్కోసారి ఒకటి రెండు ఔన్సులే. అంటే గుప్పెడు వేరుశనగ గింజల బరువు. ఆ గుప్పెడు మీద వేల డాలర్లు ఆధారపడి ఉంటాయి. ఇబ్బంది మొదలయ్యేది అక్కడే.

ఇన్సూరెన్స్ ఏజెంటు ఆలోచన

ఈ ఆటకి ఇప్పుడున్న రూపం ఇచ్చినవాడు రే స్కాట్. అలబామా రాష్ట్రంలోని మోంట్‌గోమరీ ఊరివాడు, ఇన్సూరెన్స్ పాలసీలు అమ్ముకునేవాడు. 1967 జూన్‌లో ఆర్కాన్సాస్‌లోని బీవర్ సరస్సు మీద తన మొదటి పోటీ పెట్టాడు. ప్రవేశ రుసుము 100 డాలర్లు, వచ్చినవాళ్లు 106 మంది. మరుసటి ఏడాది బాస్ యాంగ్లర్ల సంఘం, బి.ఎ.ఎస్.ఎస్., మొదలుపెట్టాడు. 1971లో నెవాడాలోని మీడ్ సరస్సు మీద మొదటి బాస్‌మాస్టర్ క్లాసిక్ జరిగింది. బాబీ మర్రే గెలిచి 10,000 డాలర్లు తీసుకెళ్లాడు. బాస్ చేపల పోటీలకి అదిప్పుడు వరల్డ్ కప్ లాంటిది.

అంతకు ముందు కూడా అమెరికాలో ఊరూరా చేపల పోటీలు జరిగేవి. కానీ వాటికి మంచి పేరుండేది కాదు. ఎవరో ముందురోజే చేపల్ని పట్టి బుట్టలో దాచాడనీ, ఎవరో కొనుక్కొచ్చాడనీ గుసగుసలు. "దొరికితే దొంగ, లేకపోతే దొర" అన్న సామెత అక్కడికి సరిగ్గా సరిపోయేది. రే స్కాట్‌కి ఒక విషయం అర్థమైంది. పోటీ మీద నమ్మకం లేకపోతే మంచి ఆటగాడు రాడు, ప్రైజు ఇచ్చే కంపెనీ రాదు, చూసే జనం రారు. కాబట్టి అతను అమ్మాల్సిన సరుకు చేపలు కాదు, నమ్మకం. ఇన్సూరెన్స్ అమ్మినవాడికి ఆ సంగతి ఒకరు చెప్పాలా!

అతను వాడిన చిట్కా ఏమిటంటే, పోటీదారుల్ని జతలుగా ఒకే పడవలో కూర్చోబెట్టాడు. ఎవరికి ఎవరు జత అన్నది లాటరీ. స్నేహితులిద్దరూ కూడబలుక్కుని ఒకే పడవ ఎక్కే వీల్లేదు. పక్కన కూర్చున్నవాడు నీకు పోటీదారు, నువ్వు తప్పు చేస్తే నష్టపోయేది అతనే. అంతకంటే శ్రద్ధగా చూసే అంపైర్ ఎవడుంటాడు? జీతం ఇవ్వక్కర్లేని కాపలా అన్నమాట.

మొదటి క్లాసిక్‌కి ఇంకో పని చేశాడు. పోటీ ఏ సరస్సులో జరుగుతుందో ఆటగాళ్లకి ముందుగా చెప్పలేదు. విమానం గాల్లోకి లేచాక చెప్పాడు. ప్రశ్నపత్రం సీలు పరీక్ష హాల్లో విప్పినట్టు. ముందే వెళ్లి చేపలు ఎక్కడున్నాయో చూసుకునే అవకాశం ఒకరికి ఉండి ఇంకొకరికి లేకుండా పోకూడదని.

ప్రతి రూలు వెనకా ఒక కథ

ఈ పోటీల రూల్సు మొదటిసారి చదివితే మన యూనివర్సిటీ రెగ్యులేషన్స్ లాగే విసుగ్గా ఉంటాయి. కానీ ఒక్కో రూలు చదివి "ఇది ఏ దొంగదారిని మూస్తోంది?" అని అడుగుతూ వెళ్తే డిటెక్టివ్ నవలలా ఉంటుంది. కొన్ని చూద్దాం.

పొద్దున్న పడవలు బయల్దేరే ముందు లైవ్‌వెల్ తెరిచి చూస్తారు. తొట్టి ఖాళీగా ఉందని నిర్ధారించుకోవడానికి. ఇంటి నుంచే చేపలు తెచ్చుకునేవాళ్లకి ఆ దారి బంద్.

పడవలన్నీ ఒకేసారి వదలరు, నంబర్ల వారీగా వదులుతారు. ముందు వెళ్లినవాడికి మంచి చోటు దొరుకుతుంది కదా, అది అన్యాయం కాదా? కాదు. మొదటిరోజు ముందు వెళ్లినవాడు రెండోరోజు చివర వెళ్తాడు. ముందు వెళ్లిన గుంపు ముందే తిరిగి రావాలి, వెనక వెళ్లినవాళ్లకి ఆ మేరకు సాయంత్రం సమయం ఇస్తారు. ఎవరి చేతిలోనైనా ఉండే గంటలు ఒక్కటే.

ఆలస్యంగా తిరిగొస్తే బాస్‌మాస్టర్ పోటీల్లో నిమిషానికి ఒక పౌండు కోత. 15 నిమిషాలు దాటితే ఆరోజు తూకం మొత్తం పోయినట్టే. ఇక్కడ ఇంజిన్ చెడిపోయిందన్న కథలు చెల్లవు. కథలు వినడం మొదలుపెడితే కథ బాగా చెప్పేవాడే గెలుస్తాడు.

చచ్చిన చేప తెస్తే ఒక్కో చేపకి 4 ఔన్సుల కోత. 1972లో రే స్కాట్ "పట్టిన చేపని చంపకండి" అనే ప్రచారం మొదలుపెట్టాడు. తూకం అయ్యాక చేపల్ని మళ్లీ నీళ్లలోకి వదలడం అప్పటి నుంచి ఈ పోటీలకి ఆచారమైంది. ఈ రూలు కాపాడేది తోటి ఆటగాడిని కాదు, చేపని, ఆ సరస్సుకి రేపు వచ్చేవాళ్లని. ప్రొఫెషనల్ అన్న మాటకి ఇది నాకు నచ్చిన నిర్వచనం. నీతో ఎవరూ పోటీ పడని చోట కూడా నీ బాధ్యత ఒకటుంటుంది.

పోటీకి ముందు కొన్ని రోజుల నుంచి ఆ సరస్సు గురించి స్థానికుల దగ్గర సమాచారం అడగకూడదు. చేపలు ఎక్కడున్నాయో ఎవరైనా చెప్పబోయినా వినకూడదు. ఇది చాలా కష్టమైన రూలు. ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టుకోలేరు. ఫోన్లో బావమరిది ఒక్క మాట చెప్తే ఎవరికి తెలుస్తుంది?

చివరిది, తప్పు చూసినవాడు చెప్పాలి. వేరేవాడు రూలు తప్పడం చూసినా, తానే పొరపాటున తప్పినా, వెంటనే అధికారులకి తెలియజేస్తానని ఆటగాడు ముందే ఒప్పుకుంటాడు.

గమనించారా? మొదటి రూలు తొట్టి మూత తెరిస్తే తేలిపోతుంది. చివరి రెండూ మనిషి లోపల ఉన్నాయి. మూత తెరిచి చూసే వీలు లేదు. రూల్సు చదువుతూ పోతే బయటి నుంచి లోపలికి నడిచినట్టుంది.

చేప కడుపులో సీసం

ఇప్పుడు రూల్సు ఓడిపోయిన సందర్భం. ఇది బాస్ పోటీ కాదు, దాని దాయాది లాంటి వాల్‌ఐ చేపల పోటీ. 2022 సెప్టెంబరు 30న ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో, ఎరీ సరస్సు మీద. గెలిచిన జట్టుకి రావలసింది 28,760 డాలర్లు. ఇద్దరు మనుషుల జట్టు ఒకటి ఐదు చేపలు తెచ్చింది. తూకంలో వాళ్లదే మొదటి స్థానం.

టోర్నమెంట్ డైరెక్టర్‌కి ఆ అంకె నచ్చలేదు. చూడ్డానికి ఒక్కో చేప నాలుగు పౌండ్లలా ఉంది, కాటా మాత్రం దాదాపు ఏడు చెప్తోంది. అందరి ముందే చేపని కోశాడు. కడుపులోంచి సీసపు గుండ్లు బయటపడ్డాయి. వాటితో పాటు వేరే చేపల మాంసం ముక్కలు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది, మీలో చాలామంది చూసే ఉంటారు.

మన ఇంజనీరింగ్ బుర్రతో ఒక్క నిమిషం ఆలోచిద్దాం. డైరెక్టర్ కంటికి అనుమానం ఎందుకొచ్చింది? ఒకే జాతి చేపలు ఇంచుమించు ఒకే ఆకారంలో పెరుగుతాయి. కాబట్టి బరువు సుమారుగా పొడవు ఘనానికి అనుపాతంలో ఉంటుంది. పొడవు 10 శాతం పెరిగితే బరువు 33 శాతం పెరగాలి. వేల చేపల్ని చేత్తో పట్టుకున్నవాడికి ఈ క్యూబ్ లా సూత్రంగా తెలియకపోవచ్చు, వేళ్లకి తెలుసు. అదే పొడవు చేప దాదాపు రెట్టింపు తూగితే ఫిజిక్స్ ఒప్పుకోదు.

సీసమే ఎందుకు? సాంద్రత 11.34. దొరికినవి 10 గుండ్లు, 12 ఔన్సులవి ఎనిమిది, 8 ఔన్సులవి రెండు. మొత్తం 112 ఔన్సులు, అంటే 7 పౌండ్లు, మన లెక్కలో 3.2 కిలోల దగ్గర. అంత సీసం పట్టే చోటు 280 ఘన సెంటీమీటర్లు. మూడు కిలోల బరువు రెండు మూడు టీ గ్లాసుల్లో పట్టేసింది. ఐదు చేపలకి పంచితే ఒక్కోదాని కడుపులో 56 ఘన సెంటీమీటర్లు. చదువుకున్న సూత్రాన్ని దొంగతనానికి వాడటమంటే ఇదే. కానీ వాళ్లు సాంద్రత ఒక్కటే లెక్కేశారు, పొడవూ బరువుల సంబంధం మర్చిపోయారు. అబద్ధంతో ఉన్న చిక్కే ఇది. ఒక అంకె మారిస్తే దానికి ముడిపడిన అంకెలన్నీ మార్చాలి. ల్యాబ్‌లో రీడింగులు సొంతంగా "తయారుచేసే" మిత్రులకి ఈ బాధ తెలుసు. గ్రాఫు గీసినప్పుడు ఒక పాయింటు ఎక్కడో ఆకాశంలో ఉంటుంది.

తర్వాత ఆ చేపల్ని రాష్ట్ర వన్యప్రాణి అధికారులు సాక్ష్యంగా తీసుకెళ్లారు. కేసు కోర్టుకి వెళ్లింది. 2023 మార్చిలో ఇద్దరూ నేరం ఒప్పుకున్నారు. ఒకటి మోసం, రెండోది వన్యప్రాణుల్ని చట్టవిరుద్ధంగా కలిగి ఉండటం. మే నెలలో ఒక్కొక్కరికి 10 రోజుల జైలు, 2,500 డాలర్ల జరిమానా, చేపలు పట్టే లైసెన్సు మూడేళ్లు రద్దు. వాళ్ల పడవ కూడా పోయింది.

బాస్ పోటీల్లోనూ ఇలాంటివి లేకపోలేదు. 2009లో టెక్సాస్‌లోని రే హబ్బార్డ్ సరస్సు పోటీలో ఒక బాస్ కడుపులోంచి ఒక పౌండు సీసం బయటపడింది. అక్కడ మొదటి బహుమతి 55,000 డాలర్ల పడవ. టెక్సాస్‌లో చేపల పోటీ మోసానికి విడిగా చట్టమే ఉంది. బహుమతి విలువ 10,000 డాలర్లు గానీ అంతకు మించి గానీ ఉంటే అది పెద్ద నేరం కిందకి వస్తుంది. అక్కడి ప్రభుత్వం దీన్ని సరదా ఆటలో అల్లరిగా చూడదు, డబ్బు దొంగతనంగానే చూస్తుంది.

నష్టపోయింది ఎవరు?

సెమినార్‌లో ఇక్కడిదాకా వచ్చాక మా మేడమ్ ఒక ప్రశ్న అడిగారు. "అంతా బావుంది బాబూ. ఇంతకీ ఇక్కడ నష్టపోయింది ఎవరు?"

"బహుమతి ఇచ్చిన కంపెనీ అండి" అన్నారు వెనక బెంచీ నుంచి. "చేప" అన్నారు ఇంకొకరు, క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం ఆరోజు పోటీలో ఉన్న మిగతా జట్లు గుర్తొచ్చాయి. పొద్దున్నే లేచి, డీజిల్‌కీ పెట్రోలుకీ సొంత డబ్బు పెట్టుకుని, చలిలో రోజంతా నీళ్ల మీద నిలబడి, నిజంగా చేపలు పట్టినవాళ్లు. ఆరోజు దొరికిపోయారు కాబట్టి వాళ్లకి న్యాయం జరిగింది. దొరకని రోజుల మాటేమిటి? ఎప్పుడో రెండో స్థానంలో నిలబడ్డవాడు "నాకు చేతకాలేదు" అనుకుని ఇంటికెళ్లి ఉంటాడు. డబ్బు పోతే పోయింది, తన మీద తనకున్న నమ్మకం పోయింది. దానికి కోర్టు ఏం కట్టిస్తుంది?

ఇది రాస్తుంటే మా సీనియర్ అక్క ఒకామె గుర్తొస్తోంది. మట్టిలో తేమ చూసి మోటారు దానంతటదే ఆగిపోయే పరికరం మీద నాలుగు నెలలు పనిచేసింది. సెన్సర్ తుప్పు పట్టి రీడింగ్ మారిపోతుంటే దానికి మందు కనిపెట్టడానికే నెల పట్టింది. ఒక ప్రాజెక్ట్ ఎక్స్‌పోకి తీసుకెళ్తే రెండో బహుమతి వచ్చింది. మొదటిది, రెడీమేడ్‌గా కొనుక్కొచ్చిన ప్రాజెక్టుకి. కొన్నారని ఆ జట్టు వాళ్లే తర్వాత క్యాంటీన్లో నవ్వుతూ చెప్పారు. జడ్జీలు పీపీటీ చూశారు, మెరిసే డబ్బా చూశారు, "ఈ లైను కోడ్ ఎందుకు రాశావు?" అని ఒక్క ప్రశ్న వేయలేదు. చేపని ఎవరూ కోసి చూడలేదన్నమాట.

అక్క ఆ తర్వాత ఏ ఎక్స్‌పోకీ వెళ్లలేదు. "వేస్ట్ రా" అంది, అంతే. ఒక మోసం మిగిల్చే అసలు నష్టం నాకు అక్కడ కనిపించింది. నిజంగా పనిచేసేవాళ్లు మెల్లగా పోటీ నుంచి తప్పుకుంటారు. కొన్నాళ్లకి మైదానంలో దొంగలే మిగులుతారు, అప్పుడు "అందరూ ఇంతే" అన్న మాట నిజమైపోతుంది.

అనుమానం కూడా మోసం లాంటిదే

అలాగని అందర్నీ అనుమానిస్తే సరిపోతుందా? దీనికి జపాన్ నుంచి ఒక మంచి ఉదాహరణ ఉంది.

లార్జ్‌మౌత్ బాస్‌లో ప్రపంచ రికార్డు 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ పట్టిన చేపది. 22 పౌండ్ల 4 ఔన్సులు. ఆరోజుల్లో రికార్డు గోల ఎవరికుంది, తూకం అయ్యాక ఇంటికి పట్టుకెళ్లి వండుకు తిన్నారు. ఆ అంకె 77 ఏళ్లు చెక్కుచెదరలేదు. 2009 జూలై 2న జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిత అనే ఆయన 22 పౌండ్ల 4.97 ఔన్సుల చేపని పట్టాడు. తేడా ఒక ఔన్సు కూడా లేదు, 27 గ్రాములు.

రికార్డులు చూసే అంతర్జాతీయ సంస్థ ఐ.జి.ఎఫ్.ఎ. వెంటనే చప్పట్లు కొట్టలేదు. నెలల తరబడి పరిశీలించింది. కురితని పాలిగ్రాఫ్ పరీక్షకి కూర్చోమంది. ఆయన కూర్చున్నాడు, పాసయ్యాడు. అయినా రికార్డు ఆయన ఒక్కడిదీ కాలేదు. పాత రికార్డుని కనీసం 2 ఔన్సులు దాటితేనే కొత్తదిగా లెక్క అని రూలు ఉంది. కాబట్టి 2010 జనవరిలో పెర్రీతో సమానం అని ప్రకటించారు. మన ఇన్‌స్ట్రుమెంటేషన్ క్లాసులో చెప్పే ఎర్రర్ మార్జినే ఇది. కాటా తేడా కంటే పెద్ద తేడా ఉంటేనే గెలుపు.

మనమైతే "నన్నే అనుమానిస్తారా?" అని అలిగి ఉండేవాళ్లమేమో. కానీ ఆలోచించండి, ఆ పరీక్ష వల్ల లాభపడింది ఎవరు? కురితే. ఈరోజు ఆయన పేరు రికార్డులో ఉంటే పక్కన చుక్క గుర్తు లేదు. తనిఖీ దొంగకి శత్రువు, నిజాయితీపరుడికి సాక్షి. తనిఖీ లేని చోట నిజంగా గెలిచినవాడు కూడా సగం అనుమానంతోనే బతకాలి.

అయితే పాలిగ్రాఫ్ దేవుడేమీ కాదు. అది గుండె వేగం, ఊపిరి, చర్మం మీద చెమట కొలుస్తుంది. అబద్ధాన్ని కొలవదు. నిజం చెప్తూ భయపడేవాడు ఉంటాడు, తొణక్కుండా అబద్ధమాడేవాడూ ఉంటాడు. అందుకే చాలా కోర్టులు దాన్ని మామూలుగా సాక్ష్యంగా తీసుకోవు. కానీ 2016లో మేరీల్యాండ్‌లో జరిగిన వైట్ మార్లిన్ ఓపెన్ అనే సముద్ర చేపల పోటీలో 28 లక్షల డాలర్ల బహుమతి ఈ పరీక్ష దగ్గరే ఆగింది. గొడవ ఫెడరల్ కోర్టుకెళ్లింది. 2017లో జడ్జి బహుమతి ఇవ్వక్కర్లేదన్నారు. పరీక్ష పాసవ్వాలన్న షరతుకి పోటీదారు ముందే ఒప్పుకున్నాడు. అదీకాక పొద్దున్న 8:30కి ముందే గాలాలు నీళ్లలో వేశారని కూడా తేలింది. ఇందులో మనకి పాఠం ఏమిటంటే, తనిఖీ ఎలా ఉంటుందో ఆట మొదలవ్వకముందే అందరికీ చెప్పాలి, అందరికీ ఒకేలా వర్తించాలి. ఆట అయ్యాక నచ్చనివాడికి మాత్రమే పెట్టే పరీక్ష, పరీక్ష కాదు.

మోసం కాదు గానీ న్యాయమేనా?

ఇప్పుడు ఆ లోకంలో నడుస్తున్న పెద్ద చర్చ సోనార్ గురించి. 2018లో గార్మిన్ కంపెనీ లైవ్‌స్కోప్ అనే పరికరం తెచ్చింది. పడవ ముందు నీళ్లలో ఏముందో తెర మీద అప్పటికప్పుడు కనిపిస్తుంది. చేప కదలడం, గాలం దాని ముందుకెళ్లడం, అది వెనక్కి తగ్గడం, అన్నీ వీడియో గేమ్‌లా. కుర్రాళ్లు దాంతో దూసుకెళ్తున్నారు. ముప్పై ఏళ్లుగా నీళ్ల రంగు, గాలి, చెట్ల నీడ చూసి చేప జాడ పట్టడం నేర్చుకున్న పెద్దవాళ్లు "ఇది చేపలు పట్టడమా?" అంటున్నారు. "తెర చదవడం కూడా విద్యే కదా" అని కుర్రాళ్ల జవాబు.

ఇందులో దొంగ ఎవరూ లేరు. రూలు ఒప్పుకున్నంత కాలం వాడటం మోసం కాదు. మేజర్ లీగ్ ఫిషింగ్ వాళ్లు తమ బాస్ ప్రో టూర్‌లో 2025లో మధ్యేమార్గం పెట్టారు. రోజులో ఉండే మూడు భాగాల్లో ఒక్క భాగంలోనే ఆ సోనార్ వాడాలన్నారు. ఏ భాగంలో అన్నది ఆటగాడి ఇష్టం. ఇదే సంస్థ తూకం పద్ధతి కూడా మార్చింది. పడవలో కూర్చున్న అధికారి అక్కడికక్కడే తూకం వేస్తాడు, చేపని వెంటనే వదిలేస్తారు, స్కోరు అందరికీ తెలిసిపోతుంది. చేప దాచే అవకాశమూ లేదు, సీసం కుక్కే సమయమూ లేదు. రే స్కాట్ పక్కన పోటీదారుని కూర్చోబెట్టాడు, వీళ్లు అధికారిని కూర్చోబెట్టారు.

మన క్లాసుల్లో ఏఐ టూల్స్ మీద జరిగే వాదన అచ్చం ఇదే. వాడొచ్చా, వాడకూడదా అని గొంతు చించుకుంటున్నాం. ఈ పరీక్షలో ఏ విద్యని కొలుస్తున్నాం, దానికి ఏ పరికరం ఎంతసేపు అన్నది ముందే తేల్చి చెప్తే సగం గొడవ తగ్గుతుంది. అసైన్‌మెంట్ ఇచ్చేటప్పుడు చెప్పకుండా, మార్కులు వేసేటప్పుడు కోప్పడితే లాభం లేదు.

నేను రాసుకున్నవి

ఈ చదువంతా అయ్యాక నోట్సు చివర మూడు వాక్యాలు రాసుకున్నాను.

ఒకటి, మంచి రూలు మనుషులందరూ దొంగలని అనుకోదు, అందరూ దేవుళ్లని కూడా అనుకోదు. మామూలు మనిషి ఆకలిగా ఉన్న రోజున తప్పు చేయడం కష్టమయ్యేలా చేస్తుంది.

రెండు, ఏ రూలైనా ఒక చోట ఆగిపోతుంది. బావమరిది ఫోన్ కాల్ దాకా అది వెళ్లలేదు. అది ఆగిన చోటే ప్రొఫెషనలిజం మొదలవుతుంది. రేపు మనం కట్టే వంతెనలో కాంక్రీటు కింద కమ్మీలు ఎన్నో, మనం రాసే సాఫ్ట్‌వేర్‌లో ఏ టెస్టు నిజంగా నడిపామో బయటివాళ్లకి కనపడదు. మన పనిలో ఎక్కువ భాగం నీళ్ల కిందే ఉంటుంది.

మూడు, తనిఖీ చేసే కుర్చీలో కూర్చునే రోజు మనకీ వస్తుంది. ఫెస్టులో జడ్జిగానో, టీమ్ లీడ్‌గానో. అప్పుడు చేపని చేత్తో పట్టుకుని చూడాలి. ఒక్క ప్రశ్న అడగడానికి బద్ధకిస్తే, నాలుగు నెలలు కష్టపడ్డ ఎవరో అక్క ఇంకెప్పుడూ పోటీకి రాదు.

చివరగా మీకు మూడు ప్రశ్నలు. జవాబులు క్లబ్ మీటింగులో మాట్లాడుకుందాం.

1. సమాచారం అడగకూడదన్న రూలుని ఎవరూ పట్టుకోలేరని తెలిసీ ఎందుకు పెట్టారు? పట్టుకోలేని రూలు వల్ల లాభముందా?

2. మన కాలేజీ ప్రాజెక్ట్ ఎక్స్‌పోకి మీరే డైరెక్టర్ అయితే, కొనుక్కొచ్చిన ప్రాజెక్టుని ఐదు నిమిషాల్లో తేల్చే ఒక్క ప్రశ్న ఏది?

3. మీ స్నేహితుడు తప్పు చేయడం మీరు చూశారు. చెప్తానని పోటీకి ముందు సంతకం కూడా పెట్టారు. ఇప్పుడు ఎవరితో ముందు మాట్లాడతారు, అతనితోనా, నిర్వాహకులతోనా?

మూడోదానికి నా దగ్గర కూడా ఇంకా పూర్తి జవాబు లేదు. అందుకే అడుగుతున్నాను.